షుగరు, బి.పి. ఉన్నవారు పిజ్జా తినవచ్చా?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అక్కడ శనివారం సాయంత్రం కాగానే, "అమ్మా, ఇవాళ వంట పెట్టుకోకు, మన పేటలో నేపుల్స్ పిజ్జా హోటలుంది, అందరం వెళ్దాం" అంటాడు కొడుకు. షుగరు మాత్రలు మింగే నాన్నగారికీ, బి.పి. ఉన్న అమ్మగారికీ సందేహం వస్తుంది. తినవచ్చా, తినకూడదా?

తినవచ్చు. అయితే ఆ వస్తువు ఏమిటో, ఎంత తింటున్నారో, మందు ఎప్పుడు వేసుకుంటున్నారో తెలిసి తినాలి.

నేపుల్స్ పిజ్జా అంటే ఏమిటి?

ఇటలీలోని నేపుల్స్ నగరం ఈ పిజ్జాకు పుట్టిల్లు. ఇప్పుడు హైదరాబాదులోనూ ఈ పద్ధతిలో చేసే హోటళ్ళు ఉన్నాయి. ఈ తయారీ విధానానికి 2010లో యూరోపియన్ యూనియన్ గుర్తింపు ఇచ్చి, కొలతలతో సహా రాసిపెట్టింది. పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్టు - ఇంతే. పిండిలో నూనె, వెన్న, చక్కెర కలపరు. మన ఇడ్లీ పిండిలాగే గంటల తరబడి పులియబెడతారు. 180 నుంచి 250 గ్రాముల ముద్దను చేత్తో సాగదీసి, పైన టమాటా గుజ్జు, మొజరెల్లా జున్ను, నాలుగు తులసి జాతి ఆకులు, ఒక చెంచాడు ఆలివ్ నూనె వేస్తారు. సుమారు 485 డిగ్రీల వేడి ఉన్న కట్టెల బట్టీలో పెడితే 60 నుంచి 90 సెకన్లలో కాలి వస్తుంది.

చూశారుగా, ఇందులో చెడ్డ సరుకు ఏదీ లేదు. చిక్కంతా కొలతలోనే ఉంది.

పలుచగా ఉందని మోసపోకండి

ఈ పిజ్జా మధ్యలో అరటాకంత పలుచగా కనబడుతుంది. "ఇది తేలిక, మొత్తం తినేయవచ్చు" అనిపిస్తుంది. కాని 250 గ్రాముల ముద్దలో సుమారు 155 గ్రాముల పిండి ఉంటుంది. ఇంట్లో అంత పిండితో అయిదారు పుల్కాలు వస్తాయి. బియ్యం లెక్కన చూస్తే దాదాపు 150 గ్రాముల బియ్యం వండుకు తిన్నట్టు. జున్ను, నూనె కూడా కలిపితే ఒక పిజ్జా 800 కాలరీలు దాటుతుంది.

బాగా పులిసిన పిండి కనుక షుగరు పెరగదని కొందరు ధైర్యం చెబుతారు. నమ్మకండి. పులిసేటప్పుడు ఈస్టు తినేది కొద్దిగానే. పిండి పదార్థం చాలావరకు అలాగే ఉంటుంది. పైగా అది మన మైదాలాంటి మెత్తని తెల్లపిండి, పీచు తక్కువ.

నేపుల్స్‌లో మనిషికొక పిజ్జా తినడం ఆచారం. ఆ ఆచారం మీరు పాటించనక్కరలేదు. ఇద్దరికి ఒకటి తెప్పించుకోండి. ముందుగా ఒక పళ్ళెం కూరగాయల సలాడు తినండి. వెల్లుల్లి రొట్టె, కూల్‌డ్రింకు వద్దనండి.

నాలుకకు తెలియని ఉప్పు

బి.పి. ఉన్నవారు ఆవకాయ, అప్పడం మానేసి, ఉప్పు తగ్గించామని నిశ్చింతగా ఉంటారు. రొట్టెలో ఉప్పు వారికి తోచదు. నేపుల్స్ కొలత ప్రకారం లీటరు నీటితో కలిపే పిండికి 50 నుంచి 55 గ్రాముల ఉప్పు వేస్తారు. ఆ లెక్కన 250 గ్రాముల ముద్దలో సుమారు నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజు మొత్తానికి చెప్పింది 5 గ్రాముల లోపే! జున్నులోని ఉప్పు దీనికి అదనం. ఆలివ్ కాయలు, ఉప్పుచేపలు, ఉప్పులో ఊరిన మాంసం ముక్కలు పైన వేయించుకుంటే చెప్పనే అక్కరలేదు.

కాబట్టి పిజ్జా తినే రోజున మిగతా రెండు పూటలా పచ్చడి, సాంబారు పొడి, చిప్స్ జోలికి పోకండి. గుండె బలహీనపడి నీరు పోయే మాత్రలు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఉప్పెక్కువైన భోజనం తర్వాత కాళ్ళు వాచడం, పడుకుంటే ఆయాసం రావడం వారిలో జరగవచ్చు. అలా జరిగితే తెల్లవారే దాకా ఆగకుండా వైద్యుణ్ణి చూడండి.

ఇన్సులిన్ ఇంటి దగ్గర వేసుకోకండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. పిజ్జా కాలడానికి నిమిషంన్నర చాలు. కాని శనివారం సాయంత్రం బల్ల దొరకడానికి ముప్పావుగంట పట్టవచ్చు. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ ఇంట్లో వేసుకుని బయలుదేరితే, వరుసలో నిలుచున్నప్పుడే షుగరు పడిపోతుంది. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలతోనూ ఈ ప్రమాదం ఉంది. మందు వెంట తీసుకెళ్ళండి. తిండి బల్ల మీదికి వచ్చాక వేసుకోవడం గురించి ప్రయాణానికి ముందే మీ డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

చెమటలు, చేతుల వణుకు, విపరీతమైన ఆకలి, మాట తడబాటు కనిపిస్తే షుగరు పడిపోయిందని అనుమానించాలి. అప్పుడు పిజ్జా ముక్క అందించకండి. జున్నులోని కొవ్వు వల్ల అది ఆలస్యంగా పనిచేస్తుంది. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి, లేదా అరగ్లాసు మామూలు కోలా తాగించండి. డైట్ కోలా పనికిరాదు. పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించండి. 70 కంటే తక్కువ ఉంటే మరోసారి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్సును పిలవండి. అమెరికాలో 911, ఇక్కడ 108.

రెండో సంగతి దీనికి తలకిందులు. ఆ కొవ్వు వల్లే పిజ్జా నెమ్మదిగా అరుగుతుంది. రెండు గంటలకు చూసుకుంటే షుగరు బాగానే ఉందనిపించి, అయిదారు గంటల తర్వాత, మీరు నిద్రలో ఉండగా పెరగవచ్చు. అందుకే పిజ్జా భోజనం రాత్రి ఏడింటికల్లా ముగించండి. తిన్నాక పదిహేను నిమిషాలు నడవండి. పడుకోబోయే ముందు ఒకసారి పరీక్షించుకోండి. ఎక్కువుందని కంగారుపడి అర్ధరాత్రి అదనపు మాత్ర మాత్రం సొంతంగా మింగకండి. గుండెల్లో మంట ఉన్నవారికీ పెందలాడే తినడమే మేలు. తిన్న మూడు గంటల దాకా పడుకోవద్దు.

ఏది తెప్పించుకోవాలి?

"మారినారా" అనే పేరు వింటే చేపల పిజ్జా అనిపిస్తుంది. నేపుల్స్ పద్ధతిలో అది టమాటా, వెల్లుల్లి, ఒరెగానో ఆకు, ఆలివ్ నూనె మాత్రమే. జున్ను ఉండదు. కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నవారికి ఇది మంచిది. ఉప్పు, పిండి మాత్రం అందులోనూ అంతే. "మార్గరీటా"లో జున్ను ఉంటుంది, మాంసం ఉండదు. అయితే కొన్ని జున్నులను దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. శాకాహారులు పట్టింపు ఉంటే అడిగి తెలుసుకోవాలి. "ప్రోషూట్టో" అంటే పంది మాంసం. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నవారు, గోధుమలేని పిజ్జా అన్నా సరే, అదే బట్టీలో కాల్చింది తినకూడదు.

కొడుకూ కోడలూ ముచ్చటపడి పిలిస్తే పథ్యం పేరు చెప్పి ఇంట్లో కూర్చోకండి. వెళ్ళండి. సగం పిజ్జా, నిండా సలాడు, సంచిలో మందు, జేబులో నాలుగు గ్లూకోజు బిళ్ళలు - ఈ నాలుగూ ఉంటే మీరూ సంతోషంగా తినవచ్చు, పిల్లలూ నిశ్చింతగా నిద్రపోవచ్చు.