ఉడుముకు బదిలీ లేదు

మనలో చాలామందికి ఏ ఊరూ సొంత ఊరు కాదు. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తే సామాను సర్దుకుని, టీసీ తీసుకుని ఓడో విమానమో ఎక్కేస్తాం. "మూడేళ్లుండి పోయేవాళ్లం, ఇక్కడి సంగతులు మనకెందుకు?" అనే మాట క్వార్టర్లలో తరచుగా వినిపిస్తుంది. ఆ మాట సరికాదని నా అభిప్రాయం. అందుకు మన సిప్పీఘాట్ వైపు కనిపించే నీటి ఉడుమునే ఉదాహరణగా చెబుతాను.

సిప్పీఘాట్‌లో ఒకప్పుడు వరి పొలాలుండేవి. 2004 డిసెంబరు 26న భూకంపం, సునామీ వచ్చినప్పుడు దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. పొలాల్లోకి వచ్చిన సముద్రపు నీరు అక్కడే నిలిచిపోయింది. పొలం పోగొట్టుకున్న రైతు కష్టం చిన్నది కాదు. అయితే ఆ ఉప్పునీటిలోకే చేపలు, పీతలు, కొంగలు, అండమాన్ బాతులు వచ్చి చేరాయి. ఇలాంటి తడి నేలలు, మడ అడవులు, ఉప్పుటేర్లే నీటి ఉడుముకు ఇల్లు.

మన తెలుగు ఊళ్ల ఉడుము వేరు, ఇది వేరు. అండమాన్ నీటి ఉడుము ఈ దీవులకే ప్రత్యేకమైన ఉపజాతి. చక్కగా ఈదుతుంది. పీతలు, చేపలు, ఎలుకలు, చచ్చిన జంతువులను తిని పరిసరాలను శుభ్రం చేస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే జైలు శిక్ష పడుతుంది.

దీవి జంతువుల బతుకు ఎంత సున్నితమో గాలాపగోస్ దీవుల సముద్ర ఇగువానాను చూస్తే తెలుస్తుంది. 1835లో డార్విన్ చూసిన ఆ బల్లి సముద్రంలో మునిగి నాచు మేస్తుంది, ఒంట్లోని ఉప్పును ముక్కులోంచి చిమ్ముతుంది. ఎల్ నినో ఏడాది నాచు కరువైతే దాని శరీరం పొడవు కూడా తగ్గుతుంది. అంతటి కరువును తట్టుకునే ప్రాణి మనిషి తెచ్చిన ముప్పుకు ఓడిపోయింది. 2001లో ఒక ఓడ నుంచి నూనె ఒలికిన తర్వాత, ఏడాదిలోపే శాంటా ఫే దీవిలో సుమారు 62 శాతం ఇగువానాలు చనిపోయాయి. మనుషులు తీసుకొచ్చిన కుక్కలు, పిల్లులు వాటికి మరో బెడద.

మన దగ్గరా అంతే. అండమాన్ అడవుల్లో పులి, చిరుత వంటి పెద్ద వేట జంతువులు సహజంగా లేవు. మనం పారేసే ఎంగిలి తిని పెరిగిన ఊరకుక్కలు ఆ కొరత తీర్చేస్తున్నాయి!

ఉడుము కోళ్లను ఎత్తుకుపోతుందనీ, తాబేలు గుడ్లు తింటుందనీ కొందరంటారు. నిజమే. కోళ్ల గూటికి గట్టి వల కట్టుకుంటే మొదటి బాధ తీరుతుంది. ఇక తాబేలు, ఉడుము ఈ తీరంలో మనకంటే ఎంతో ముందు నుంచీ కలిసే బతుకుతున్నాయి. ఆ లెక్క అవి చూసుకుంటాయి.

మిత్రులారా, మనం చేయాల్సింది పెద్దదేమీ కాదు. తిండి వ్యర్థాలను మూతపెట్టిన డబ్బాలో వేద్దాం. నీటి గట్లమీద ప్లాస్టిక్ పారేయవద్దు. ఉడుము కనబడితే రాయి విసరకుండా దారి ఇద్దాం. ఆ మడుగులను మట్టితో పూడ్చితే ఏమవుతుందో ఇంట్లో పెద్దలతో మాట్లాడదాం.

మనం వెళ్లిపోయాక ఈ బెంచీల్లో మరెవరో కూర్చుంటారు. వాళ్లకూ ఉడుము కనిపించాలి. పట్టుదలకు "ఉడుం పట్టు" అని పేరు పెట్టుకున్న భాష మనది. ఆ పట్టు ఇప్పుడు మనం చూపాలి.