కందకు లేని దురద మనకెందుకు?

పొరుగింటి పుల్లకూర రుచి అని సామెత చెప్పుకున్నవాళ్లం మనం. చెప్పుకుని ఊరుకోలేదు, ఆచరణలో పెట్టాం. ఏలూరులో ఏ పెళ్లి భోజనానికైనా వెళ్లండి. పనీరు ఉంటుంది. గోబీ మంచూరియా ఉంటుంది. ఆలూ కుర్మా ఉంటుంది. మరి కంద బచ్చలి ఎక్కడ? పెండలం ఎక్కడ? అరటిదూట ఎక్కడ? అడిగితే నవ్వుతారు. "అది తద్దినం కూర కదండీ" అంటారు.

ఆ నవ్వు మీదే మా అభ్యంతరం.

తద్దినానికి ఆ కూరలే ఎందుకు వండుతారు? క్యాబేజీ, క్యారెట్, బంగాళదుంప తర్వాత వచ్చిన ఇంగ్లీషు కూరలు కాబట్టి. పోయిన పెద్దలకు తెలిసిన కూరలు కంద, చేమ, పెండలం, అరటి కాబట్టి. పెద్దల పేరు చెప్పి ఏడాదికోసారి విస్తట్లో వేసే కూరను మిగతా రోజులంతా చిన్నచూపు చూడటం ఏం మర్యాద? బంగాళదుంప దక్షిణ అమెరికా కొండల్లో పుట్టి ఓడలెక్కి వచ్చింది. మన మిరపకాయా అమెరికా ఖండాల నుంచే వచ్చింది. వచ్చినవాటి మీద మాకు కోపం లేదు. ఉన్నవాటిని వెళ్లగొట్టడం మీదే కోపం.

మిగతావాళ్లు తమ దుంపలను ఎలా చూసుకుంటున్నారో ఒకసారి చూద్దాం. టర్నిప్ కన్నా అనామకమైన దుంప ఉందా? రంగు లేదు, ఆకర్షణ లేదు. అయినా కాశ్మీరీలు దాన్ని రాజ్మా గింజలతో కలిపి వండి మా ఇంటి వంట అని గర్వంగా చెప్పుకుంటారు. పంజాబీలు క్యారెట్, కాలీఫ్లవర్‌తో కలిపి ఊరగాయ పెడతారు. కేరళలో ఓణం విందుకు కంద ఉండాల్సిందే. ఇక బెంగాలీలు. మన కైకలూరు, ఆకివీడు చేపల లారీల కోసం ఎదురుచూసే ఆ బెంగాలీలే అరటిపువ్వునూ అరటిదూటనూ చుట్టాలకు వడ్డించి మురిసిపోతారు. మనం మాత్రం గెల కోసుకుని దూటను గట్టు మీద పారేస్తాం.

ఇది రుచి గొడవ ఒక్కటే కాదు. 2020 డిసెంబరును ఏలూరు మరిచిపోగలదా? ఆ నెల 5న మొదలై కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా జనం మూర్ఛలతో, నోట నురగలతో ఆసుపత్రి పాలయ్యారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. ఆ తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపారు. అప్పుడు ప్రతి ఇల్లాలూ కూరగాయల బుట్టను అనుమానంగా చూసింది. నెల తిరిగేసరికి మళ్లీ మామూలే. నిగనిగలాడే వంకాయకు, మచ్చలేని కాలీఫ్లవర్‌కు ఎగబడ్డాం. ఆ నిగారింపు ఊరికే రాదు, దాని వెనక ఎన్ని పిచికారీలున్నాయో రైతును అడిగితే చెబుతాడు. మట్టి అంటుకున్న కందకు అన్ని మందులు అక్కర్లేదు. చేమ, పెండలం కూడా అంతే. చూపుకు బాగుండనిదే ఒంటికి మేలు చేస్తుందంటే మనకు నమ్మకం కుదరడం లేదు!

భూమి సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు కొల్లేటి పల్లెల్లో వరిచేను గట్టు మీద కంది, బెండ, ఆనపపాదు, మురుగు కాలువ పక్కన చేమ ఉండేవి. కూలికెళ్లిన మనిషి ఇంటికొస్తూ ఓ గుప్పెడు కోసుకొచ్చేది. వరిచేలు చేపల చెరువులయ్యాక ఆ గట్టు మీద లారీలు తిరుగుతున్నాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో పొక్లెయిన్లు పెట్టి చెరువు గట్లు తెగ్గొట్టారు. కొంగల గురించి మాట్లాడారు, చేపల గురించి మాట్లాడారు. గట్టు మీద కూరపాదు పోగొట్టుకున్న ఇల్లాలి గురించి మాట్లాడినవాళ్లెవరు? ఇవాళ ఆమె కూడా బజారుకెళ్లి కూర కొనుక్కోవాల్సిందే. కాలువల్లో తూటికూర ఇప్పటికీ దొరుకుతుంది. కానీ పట్టణాల మురుగు కలిసే నీళ్లలోది కోయకండి. తూటికూర మంచిదే, నీళ్లే మంచివి కావు.

సరే, వండటం ఎలా అంటారా? వినండి.

కంద దురద అంటారు. నిజమే. సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు దానికి కారణం. చేతులకు నూనె రాసుకుని, తొక్క మందంగా చెక్కి, ముక్కలు కోయండి. బచ్చలాకు, పసుపు, చింతపండు పులుసు వేసి మెత్తగా ఉడకనివ్వండి. సగం ఉడికిన కందే గొంతు పట్టుకుంటుంది. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో తాలింపు పెట్టి దించి, చల్లారాక ఆవ కలపండి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడిగి తినడం మంచిది.

కొల్లేటి పక్కన పుట్టిన నోరు ఆవకూరకు లొంగదంటారా? కందను చేపముక్కల్లా బిళ్లలు కోసి, చింతపండు నీళ్లలో సగం ఉడికించి, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద లోపలిదాకా కాలేట్టు వేయించండి. కొర్రమీను లేని రోజు లోటు తెలియదు.

అరటిదూటను చక్రాల్లా తరిగి, వేలికి నార చుట్టుకుని తీసేయాలి. ముక్కల్ని వెంటనే మజ్జిగలో వేస్తే నల్లబడవు. పెసరపప్పుతో పొడికూర చేయొచ్చు, ఆవ పెట్టొచ్చు, పెరుగుపచ్చడి చేయొచ్చు. ఆనపకాయ చప్పగా ఉందని ముఖం చిట్లించేవాళ్లకు నాలుగు ఎండురొయ్యలు వేసి పెట్టండి. బీరకాయ చెక్కు పారేయకండి, పచ్చిమిర్చి, చింతపండుతో వేయించి నూరితే రెండు పూటలకు పచ్చడి. పెండలం, చిలగడదుంప, గుమ్మడి, తోటకూర కాడలు ఏవి మిగిలినా బెల్లం ముక్క వేసి ముక్కలపులుసు పెట్టేయండి. ఎవరైనా టర్నిప్ తెచ్చిస్తే కంగారు పడకండి. అది ఆవాల కుటుంబానిదే, ఉడికించి ఆవ పెడితే చుట్టరికం కలుస్తుంది.

ఇవేవీ మేము కనిపెట్టినవి కావు. మన మామ్మలకు, అమ్మమ్మలకు తెలిసిన విద్యలే. బుట్టాయగూడెం, పోలవరం మన్యంలో కోయలు, కొండరెడ్లు చేదు దుంపను వాగు నీళ్లలో నానబెట్టి విషం విరిచి తినే విద్య ఎప్పటినుంచో కాపాడుకున్నారు. అది వెనకబాటుతనం కాదు, శాస్త్రం. చదువుకున్న మనమే మన విద్యను ఒక తరంలో పోగొట్టుకుంటున్నాం.

ప్రభుత్వానికి బాధ్యత లేదా? 2020లో వచ్చిన గోరుముద్ద మెనూలో ఆలూ కుర్మాకు ఒక రోజు రాసిపెట్టారు. కందకు రాయలేదు. 2024లో బడి భోజనానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. గోదావరి లంకలో ఆకలితో వచ్చినవాళ్లకు అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆమె పేరు మోసే పళ్లెంలో గోదావరి దుంప ఉండాలని అడగడం అత్యాశా? తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కు కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలొస్తాయి. పక్క ఊళ్లో పండిన కంద మాత్రం మార్కెట్లో ఓ మూల మట్టితో సహా కూర్చుంటుంది. కొవ్వూరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన గజేంద్ర కందకు దురద తక్కువ, ఇతర రాష్ట్రాల రైతులూ దాన్ని వేసుకుంటున్నారు. ఇంటి పిల్లను ఊరంతా మెచ్చుకుంటే ఇంట్లోవాళ్లకే అలుసయింది!

అందుకే మేము అడిగేవి నాలుగే. బడి భోజనంలో, సంక్షేమ హాస్టళ్లలో వారానికొక రోజు స్థానిక దుంప కూర పెట్టాలి. కందకు విత్తనం ముక్కే అర కిలో కావాలి, ఆ ఖర్చు మోయలేని కౌలు రైతుకు వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం విత్తనం అందించాలి. 2007 నుంచి మన గడప ముందే ఉన్న విశ్వవిద్యాలయం అది. రైతుబజార్లలో దుంపకూరలకు ప్రత్యేకంగా చోటివ్వాలి. చివరిది ప్రభుత్వాన్ని కాదు, మనల్ని మనం అడగాల్సింది: వచ్చే మాఘమాసం పెళ్లిళ్లలో ఒక్క కూరైనా మన నేలది వండించాలి.

నవ్వేవాళ్లు నవ్వనీ. ముందు వడ్డించండి. రెండోసారి అడిగేది వాళ్లే.