బుగులుకు మందు, మందుకు రక్తపరీక్ష

జనగామ జిల్లా చిల్పూర్ గుట్ట మీది దేవుడు బుగులు వెంకటేశ్వరస్వామి. పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు ఎట్లా తీర్చాలా అని బుగులుపడి ఈ గుట్ట మీద తపస్సు చేశాడని స్థలపురాణం. అప్పుల బుగులుతో ఇంతమంది పోయిన తెలంగాణకి ఇంతకంటే సొంత దేవుడు ఎవరుంటారు? మన కథలూ కవిత్వమూ కూడా ఇదే వరుసలో నడిచాయి: అప్పు, బుగులు, చావు. ఆ సాహిత్యం మీద నాకు గౌరవమే. అభ్యంతరం ఒక్కటే. ఆ వరుసలో జబ్బుకి చోటు లేదు.

జబ్బు అనగానే మనలో చాలామందికి కోపం. "వ్యవస్థ చేసిన హత్యని డిప్రెషన్ ఖాతాలో రాస్తారా?" అంటారు. ఆ కోపం న్యాయమే. పరిహారం ఎగ్గొట్టడానికి 'అనారోగ్యం' అన్న మాట ఎంత బాగా పనికొస్తుందో ఊళ్లకు తెలుసు. అయితే ఆఫీసులు ఆ మాటని వాడుకుంటాయని జబ్బే లేదందామా? నెల రోజులు నిద్ర మాని, ఉన్న చేను కుదవబెట్టి మూడు బోర్లు వేయించి, ఆ తర్వాత మంచం దిగని మనిషిని ఊహించండి. అది బైపోలార్ కావచ్చు. అప్పు జబ్బుని ముదిరించిందా, జబ్బే అప్పు చేయించిందా? రెండూ నిజం కావచ్చు. రుణమాఫీ సగానికే మందు.

మిగతా సగానికి లిథియం ఉంది. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ ఉన్మాదంలో ఉన్న పదిమందికి ఈ లవణం ఇచ్చి ఫలితం రాశాడు. 2013లో ఆండ్రియా సిప్రియాని బృందం 48 ట్రయల్స్‌ని, 6,674 మందిని కలిపి లెక్కగట్టింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే లిథియం వేసుకున్నవాళ్లలో ఆత్మహత్యలు 60 శాతానికి పైగా తక్కువ.

ఇది మంత్రం కాదు. అమెరికాలో 519 మంది మాజీ సైనికులతో చేసిన ట్రయల్‌ని తేడా కనబడక మధ్యలో ఆపేశారు. 2021లో ఆ ఫలితం వచ్చింది. అయితే అక్కడ రక్తంలో లిథియం మట్టం సగటున తక్కువే. అసలు మెలిక ఇక్కడే ఉంది. మందుకీ విషానికీ దూరం చాలా తక్కువ. లీటరు రక్తంలో సుమారు 0.6 నుంచి 1 మిల్లీమోల్ దాకా మందు, 1.5 దాటితే ప్రమాదం. మే ఎండలో ఉపాధి పనికి పోయి ఒంట్లో నీళ్లు తగ్గినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా, ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ గోలీ ఇచ్చినా మట్టం పెరుగుతుంది. కిడ్నీ, థైరాయిడ్ కూడా చూస్తుండాలి. కాబట్టి లిథియం అంటే ఒట్టి మాత్ర కాదు, ఒక ఏర్పాటు.

ఆ ఏర్పాటు గురించి ఎవరూ గొంతెత్తరు. పేటెంటు లేని చవక మందుకి కంపెనీ ప్రచారం చెయ్యదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మాత్రం ఆవశ్యక జాబితాలోని మందులు కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పైదాకా ఉచితంగా దొరకాలంటోంది. లిథియం జాతీయ జాబితాలో ఉంది. కానీ మాత్ర ఉచితమై, దాన్ని కొలిచే పరీక్షకి చిల్పూర్ మనిషి కూలీ పోగొట్టుకొని బస్సెక్కాల్సి వస్తే అది సగం హక్కు.

నగరంలో ఇంకో కథ: "మందులు వాడితే రాయడం పోతుంది." వాడుతున్నవాళ్లకి ఈ మాట చెప్పకండి. లిథియం ఉన్నట్టుండి ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది, ఆత్మహత్య ముప్పూ పెరుగుతుంది. ఆ రిస్కు మీది కాదు, వాళ్లది.

నేను అడిగేది చిన్నదే. గిట్టుబాటు ధర అడిగే గొంతుతోనే, మండలానికి దగ్గర్లో లిథియం మట్టం చూసే రక్తపరీక్ష కూడా అడుగుదాం. బుగులు మోయలేని స్థాయికి వస్తే 14416కి, టెలిమానస్‌కి ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడతారు.