కడలిలో కెమెరాను కట్టుకొను విధము

పోయిన మాసము పచ్చళ్ళ జాడీలకు వాసెన కట్టుటను గూర్చి వ్రాసియుంటిమి. ఈ మాసమునను కట్టుటను గూర్చియే వ్రాయవలసి వచ్చినది. అయితే యీ కట్టు జాడీకి గాదు, సముద్రములో మునుగువారి దేహమునకు. సోదరీమణులు నవ్వకుందురు గాక.

మా వదినగారి కూతురు విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచున్నది. వీపున గాలి సిలిండరు ధరించి, నోటి గొట్టముతో గాలి పీల్చుకొనుచు నీటి క్రింద విహరించు స్కూబా విద్యను ఋషికొండ తీరమున నేర్చుకొని, 2025 ఫిబ్రవరిలో అండమానులలోని స్వరాజ్ ద్వీపమునకు బోయెను. 2018వ సంవత్సరము వఱకు ఆ దీవిని హేవ్‌లాక్ అనుచుండిరి. అచ్చటి పవడపు దిబ్బలను, రంగురంగుల చేపలను మాకందఱకు జూపవలెనని, జీతములో మిగిల్చిన సొమ్ముతో కొన్న చిన్న కెమెరాను నీరు చొరని పెట్టెలో నుంచి, దాని త్రాటిని ఎడమ మణికట్టునకు రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడివైచికొని దిగినది. వదులైన గాజు జాఱిపోకుండ మనము దారము చుట్టుకొందుము గదా, అట్లే.

పైకి వచ్చునప్పుడు, పడవనుండి దిగవిడిచిన మోకులోని యొక చీలికకు ఆ ముడి తగుల్కొనెను. అప్పటికి లోతు పండ్రెండు మీటర్లు. పైకి వచ్చుకొలది, మునుగువారు తొడిగికొను గాలిచొక్కాలోని గాలి ఉబ్బును. దానిని ఎడమచేతి మీటతో ఎప్పటికప్పుడు వదలుచుండవలయును. ఆ చేయియే బందీయైనది. నిండుగా నున్నపుడు 200 చూపు గాలి ముల్లు 60 కడ నున్నది. తోడుగా నున్న శిక్షకుడు చురకత్తితో త్రాటిని కోసివైచెను. కెమెరా చీకటిలోనికి దిగిపోయినది. పిల్ల దాని వెంట తలక్రిందుగా బోబోగా, ఆయన భుజము పట్టి యాపెను.

ఇంటికి వచ్చి కూతురు కెమెరాకై యేడ్చెను. తల్లి కూతునకై యేడ్చి, ఇకమీదట సముద్రము మాట యెత్తరాదని శాసించెను. "అత్తయ్యా, మీరైన అమ్మకు నచ్చజెప్పుడు" అని పిల్ల వ్రాసినది. "దానికి నీవు వత్తాసు పలుకకు, అమ్మాయీ" అని వదినగారు ఫోనులో హెచ్చరించిరి. ఇద్దఱి నడుమ మేము పడితిమి.

తీర్పు చెప్పుటకు ముందు సంగతి తెలిసికొనవలెను గదా. మా యింటివారు బడిలో చెప్పునట్లు గోడపై గీత గీచి చూపిరి. నీటిలో పది మీటర్లు దిగిన ప్రతిసారియు ఒక వాతావరణపు బరువు మీద బడును. పండ్రెండు మీటర్లకడ ఒత్తిడి గట్టుమీది దానికి రెట్టింపు దాటును. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చినచో, అది ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చును. అందుచే నిమిషమునకు తొమ్మిది మీటర్లకు మించక, ఊపిరి విడుచుచు మెల్లగా రావలయును. అయిదు మీటర్ల కడ మూడు నిమిషములు నిలువవలయును. గజేంద్రుని బలము మడుగులో నెందులకు పనికివచ్చినది? నీటిలో మనిషిని పైకి గాని క్రిందికి గాని ఆకస్మికముగా లాగు నే వస్తువైనను మొసలి వంటిదే. కట్టిన కెమెరాయు నట్టిది కావచ్చును.

ఈ భయము క్రొత్తది గాదు. కొరియా దేశపు జేజూ దీవిలో హేన్యో యను స్త్రీలు తరతరములుగా గాలి సిలిండరు లేకయే, ఊపిరి బిగబట్టి సముద్రములో మునిగి సంసారములను పోషించుచున్నారు. 2016లో యునెస్కో వారు ఈ విద్యను మానవజాతి వారసత్వముగా గుర్తించిరి. రాతికి కఱచుకొన్న పెద్ద గుల్లలను ఊడబెఱుకుటకు వారికొక యినుప పట్టె గలదు. దాని త్రాటిని మణికట్టునకు చుట్టుకొందురు. పట్టెను గుల్ల బిగబట్టిన యెడల చేయి రాక ప్రాణము పోవును. కాబట్టి గుంజిన వెంటనే చేయి వెలువడునట్లు ఆ త్రాటిని చుట్టుకొనుట వారికి తెలియును. చదువుకొన్న మా పిల్లకు తెలియలేదు.

ఇక కట్టవలసిన చోటు. మణికట్టు గాదు, మెడ యసలే గాదు. గాలి గొట్టమునకు తగిలించరాదు. సీసపు బరువుల నడికట్టునకును కూడదు. ఆపదలో దానిని విప్పి జాఱవిడువవలసి వచ్చును గదా. గాలిచొక్కాకు భుజముల కడ ఉక్కు కడియము లుండును. వానికే తగిలించవలయును. పాతకాలపు టెలిఫోను తీగవలె చుట్టలు చుట్టుకొనియుండు త్రాడు దొరకును. ఫోటో తీయునప్పుడు సాగును, వదలిన ముడుచుకొనును. దాని నడుమ ఒక్క చేతితో నొక్కిన విడిపోవు బిగింపు ఉండవలెను. ఇది లేని త్రాడు ఎంత చౌకయైనను కొనవలదు.

కొక్కెముల విషయమున మఱింత జాగ్రత్త. బొటనవ్రేలితో వెనుకకు లాగిననే తెఱచుకొనునది మేలు. లోనికి నొక్కుడుపడు రెక్క గలది చూచుటకు సొగసుగా నుండును గాని, నీటిలోని దారములు, వలపోగులు తమంతట తామే అందులో దూఱును. అట్టివానిని మునుగువారు ఆత్మహత్యా కొక్కెములని పిలుతురట! పేరు విన్నపుడు మాకు ఒడలు జలదరించినది. ఇంకొక నియమము మాకు మిక్కిలి నచ్చినది: లోహమును లోహమునకు నేరుగా తగిలించరాదు. నడుమ సన్నని నైలాను త్రాటి ముడి యుండవలెను. బిగింపు తుప్పుపట్టినను, కొక్కెము పట్టుకొన్నను, కత్తికి తెగునది ఒకటి మిగిలియుండును.

ఈదునప్పుడు కెమెరా వ్రేలాడుట కూడదు. రెండవ కొక్కెముతో ఱొమ్మున కదిమి పెట్టుకొనవలయును. లేనిచో అది పవడపు దిబ్బలకు తగిలి వానిని విఱుచును. అవి ఱాళ్ళు గావు, ప్రాణులు. 1972 నాటి వన్యప్రాణి చట్టము వానిని కాపాడుచున్నది. పడవపైనుండి దుముకునపుడు కెమెరాను పట్టుకొనక, నీటిలో దిగిన పిమ్మట పడవవారిచే నందుకొనుట మంచిది. వచ్చునపుడు ముందుగా దానినే అందీయవలెను. పెట్టె మూతలోని రబ్బరు కడియముపై ఒక్క వెండ్రుక పడినను నీరు చొచ్చునట. పొడవైన జడ గలవారు తల ముడిచికొని మూయుట మేలు.

వీని కన్నింటికంటె ముందుది మఱొకటి గలదు. నీటిలో కదలక నిలుకడగా తేలుట అలవడనివారు కెమెరా పట్టనే రాదని మా యభిప్రాయము. మా పిల్ల ఆఱు పర్యాయములు మాత్రమే మునిగియుండి ఫోటోలకు తొందరపడినది. ఈ మాటను దానికి నిర్మొగమాటముగా వ్రాసితిమి. సముద్రమును మాన్పించిన యెడల, చెప్పక పోవుట నేర్చుకొనునని వదినగారికిని అంతే నిర్మొగమాటముగా జెప్పితిమి.

వేసవి సెలవులలో తల్లియు కూతురును మా యింటికి వచ్చిరి. పిల్ల క్రొత్త త్రాటిని తెచ్చినది. మా నడవలో దాని కన్నులకు తువాలు కట్టి, ఎడమచేతితో బిగింపు విప్పుమంటిమి. వదినగారు లెక్కపెట్టిరి. మొదటిసారి పదునొకండు వఱకు వచ్చినది. సాయంకాలమునకు మూడు లోపలనే విప్పజొచ్చెను. కుడిచేతితోను చేయించితిమి.

తరువాత వదినగారు ఆ నైలాను ముడిని చాలసేపు త్రిప్పి చూచి, "ఇది మఱీ సన్నము, తెగిపోవునే" అనిరి. తెగవలెననియే కట్టినామంటిమి. ఆమె మాఱుమాటాడలేదు. త్రాటి కొసలు పీచులు లేచియుండగా, వంటింటిలోని దీపము కడకు తీసికొనిపోయి, ఒక్కొక్క కొసను మంటకు జూపి, వ్రేలితో నొక్కి యతికించి, కూతుచేతి కిచ్చిరి.