పౌనులో పింఛను, రూపాయిలో న్యాయం

పింఛను ఒక వాగ్దానం. ముప్ఫై ఏళ్ల కొలువు చేయించుకున్న ప్రభుత్వం మలివయసుకు ఇచ్చే మాట. అయితే ఆ మాట ఏ నాణెంలో ఇచ్చినట్టు? ఉద్యోగం చేసిన దేశపు నాణెంలోనా, విశ్రాంతి తీసుకొనే దేశపు నాణెంలోనా? మారకపు విలువ తారుమారైతే నష్టం ఎవరు భరించాలి? సామ్రాజ్యం అస్తమించిన చోటల్లా ఈ ప్రశ్న తలెత్తింది. మన పార్లమెంటు కూడా దీనికి ఒక సమాధానం చెప్పింది.

ఐ.సి.ఎస్. అధికారి వార్షిక పింఛను 1,000 పౌన్లు. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీల లెక్కన అది 13,333 రూపాయలు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి లండన్‌లో మనకు దాదాపు 116 కోట్ల పౌన్ల స్టెర్లింగు నిల్వలుండేవి. యుద్ధకాలంలో మన ప్రజలు కడుపు మాడ్చుకొని సమకూర్చిన సరుకులకు, సేవలకు బ్రిటన్ పడిన బాకీ అది. 1948 జులై ఒప్పందం ప్రకారం ఆ బాకీలో నుంచే సుమారు 16.8 కోట్ల పౌన్లు స్టెర్లింగు పింఛన్ల నిమిత్తం బ్రిటన్‌కు ముట్టాయి. దొరల వార్ధక్యానికి భద్రత కొన్న సొమ్ము మనదేనన్నమాట.

ఇది అన్యాయమని కొట్టిపారేయడం సులభం. కాని 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించినప్పుడు పౌను 13.33 రూపాయల నుంచి 21 రూపాయలకు పెరిగింది. 1,000 పౌన్ల పింఛను ఒక్కరోజులో 21,000 రూపాయలైంది. ముందే మూల్యం చెల్లించి ఉండకపోతే ఆ అదనపు భారం మన ఖజానాపై పడేది.

అయితే స్వదేశీ ఐ.సి.ఎస్.ల సంగతి వేరు. రాజ్యాంగంలోని 314వ అధికరణం వారి సర్వీసు నిబంధనలకు రక్షణ కల్పించింది. స్టెర్లింగు లెక్కన పింఛను కోరితే, రూపాయి పతనం దేశానికి నష్టమైనా వారికి లాభమే. అదే కచేరీలో పనిచేసిన గుమాస్తాకు ఆ అదృష్టం లేదు. 1972లో 28వ సవరణ ఆ అధికరణాన్ని రద్దు చేసింది. అదే సంవత్సరం చేసిన చట్టం స్టెర్లింగులో పింఛను కోరే హక్కుకు స్వస్తి చెప్పింది. స్వతంత్ర దేశపు ఉద్యోగి ఆ దేశపు నాణేన్నే నమ్ముకోవాలన్నది అందులోని నీతి.

హాంకాంగ్‌లో బ్రిటన్ మరో దారి తొక్కింది. 1997లో ఆ నగరాన్ని చైనాకు అప్పగిస్తే అక్కడి డాలరు ఏమవుతుందోనని తెల్ల అధికారులు బెంగపడ్డారు. పింఛన్లు యథాతథంగా చెల్లిస్తామని మౌలిక శాసనం 102వ అధికరణం హామీ ఇచ్చింది. కాని డాలరు పడిపోతే? ఆ లోటును తానే పూడ్చేందుకు బ్రిటిష్ పార్లమెంటు 1996లో చట్టం చేసింది. అక్కడ మాట ఇచ్చినవారే నష్టభయాన్ని కూడా నెత్తిన వేసుకున్నారు. మన విషయంలో ఆ ఔదార్యం చూపలేదు.

పింఛను ప్రభుత్వం వేసే భిక్ష కాదని మన సుప్రీంకోర్టు 1982లో నకారా కేసులో తేల్చింది. అయినా 2004 జనవరి 1 తర్వాత చేరిన కేంద్ర ఉద్యోగుల పింఛనును మార్కెట్టుకు ముడిపెట్టారు. 2025 ఏప్రిల్ 1న వచ్చిన ఏకీకృత పథకం, 25 ఏళ్ల సర్వీసుకు చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం హామీ ఇచ్చి, ఆ భయాన్ని కొంత తిరిగి ప్రభుత్వంపై పెట్టింది.

నా దృష్టిలో 1972 నాటి పార్లమెంటు చేసింది సబబే. విదేశీ నాణెం కొందరికే గొడుగు పట్టరాదు. కాని ఆ గొడుగు తీసివేసిన రాజ్యానికి మరో బాధ్యత మిగులుతుంది. ఇంగ్లండులో ఉన్న పింఛనుదారుకు మారకపు రేటు ఎలాంటిదో, ఏలూరులో ఉన్న పింఛనుదారుకు బియ్యం ధర అలాంటిది. రూపాయినే నమ్ముకోమన్న ప్రభుత్వం ఆ రూపాయి కొనుగోలు శక్తికి పూచీ పడాలి. అది లేని వాగ్దానం కాగితం మీద అంకె మాత్రమే.