చేపల తొట్టెకి చెరువు గుల్ల చాలు

గాజువాక, పెదగంట్యాడ, కూర్మన్నపాలెం, మల్కాపురం ప్రాంతాల ఆక్వేరియం దుకాణదారులకూ, ఇళ్లలో చేపలు పెంచుకునేవారికీ ఒక విన్నపం.

ఆఫ్రికాలోని టాంగనీకా సరస్సులో పుట్టిన గుల్ల చేపల్ని మనలో కొందరు పెంచుతున్నారు. మల్టీ అనీ, ఓసీ అనీ ముద్దుగా పిలుచుకునేవి ఇవే. మల్టీల్లో మగది నాలుగైదు సెంటీమీటర్లు, ఆడది మూడు. ఖాళీ నత్తగుల్లే వీటి ఇల్లు. అందులోనే గుడ్లు పెడతాయి, పిల్లల్ని సాకుతాయి, మనం చెయ్యి ఊపితే చటుక్కున అందులోకే దూరతాయి. గుల్ల లేకుండా ఈ చేపని పెంచడం కుదరదు.

ఆ గుల్లల కోసం మనం చేస్తున్నదేమిటి? రంగు పూసి, వార్నిష్ కొట్టిన సముద్రపు గుల్లల్ని కొంటున్నాం. లేదా ఆదివారం యారాడ ఒడ్డుకో అప్పికొండ ఒడ్డుకో వెళ్లి సంచి నింపుకొస్తున్నాం. ఈ రెండూ మానేద్దాం. మన చెరువుల్లో, వరిమళ్లలో దొరికే ఖాళీ నత్తగుల్లలకి మారదాం. ఈ కరపత్రం అడిగేది ఇంతే.

నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. మొదటిసారి తొట్టె పెట్టినప్పుడు సూదిమొనలా పొడుగ్గా ఉండే సముద్రపు గుల్లలు వేశాను. చూడముచ్చటగా ఉన్నాయి. ఒక ఆడ మల్టీ అందులోకి దూరింది. లోపల తిరగడానికి చోటు లేదు, వెనక్కి రావడం దానికి చేతకాలేదు. మర్నాడు గుల్ల పగలగొట్టి చూస్తే చచ్చిపోయి ఉంది. రంగు గుల్లల సంగతి ఇంకోటి. వారం తిరక్కుండానే ఎర్రటి పొట్టు లేచి ఇసుక మీద పడింది. ఆ పొట్టుని చేపలు నోట పట్టి ఉమ్మేస్తుంటే చూసి గుల్లలన్నీ తీసేశాను. దుకాణంలో అడిగితే, అక్కడి కుర్రాడు నవ్వేసి, "రంగుంటేనే కొంతారండి" అన్నాడు. తప్పు ఆ కుర్రాడిది కాదు, మనం అడిగేదే అతను తెచ్చిపెడుతున్నాడు.

శంఖంలో పోస్తేగాని తీర్థం కాదని సామెత. చేపకి ఆ పట్టింపు లేదు. దానికి కావలసింది నోరు తగినంత, లోపల మెలిక తిరిగిన చోటు తగినంత.

అసలు ఈ చేపలకి గుల్లలో కాపురం ఎలా అలవాటైందో చూడండి. టాంగనీకా దాదాపు 670 కిలోమీటర్ల పొడవు, 1,470 మీటర్ల లోతు ఉన్న సరస్సు. దాని నీళ్లలో సున్నం నిండుగా ఉంటుంది. గుల్ల కూడా సున్నమే కదా. గుల్ల సున్నం తాంబూలంలో రాసుకున్న పెద్దలకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మెత్తటి నీళ్లలో గుల్ల మెల్లగా కరిగిపోతుంది. అక్కడి నీళ్లలో కరగదు. నత్త చచ్చాక గుల్ల అలాగే ఉండిపోతుంది, దాని మీద ఇంకోటి, ఇంకోటి. సరస్సు అడుగున గుల్లలే పరుపుల్లా పరుచుకున్నాయి. దాక్కోవడానికి రాళ్లు లేనిచోట చిన్న చేపలు వాటిలో చేరాయి. కాలిప్టరస్ అనే ఒక జాతిలో మగచేప గుల్లల్ని నోట కరుచుకుని మోసుకొచ్చి గూడులా పోగేస్తుంది. ఆడది దూరేంత చిన్నదిగానే ఉండాలి, మగది మోసేంత పెద్దదిగా ఉండాలి. అందుకే మగది ఆడదానికంటే పన్నెండు రెట్లకు పైగా బరువు తూగుతుంది.

ఆ గుల్లల్లో ఎక్కువ భాగం నియోథామా అనే నత్తవి. ఆ నత్త వివిపారిడే కుటుంబానిది. మన చెరువుల్లో, బోదెల్లో ఒంటి మీద నల్లటి చారలతో కనిపించే చిన్న నత్త ఉంది చూశారా, గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కనేది? శాస్త్రవేత్తలు బెల్లామియా బెంగాలెన్సిస్ అంటారు. అదీ అదే కుటుంబం. ఆఫ్రికా చేప వెతుక్కునే గుల్లకి వేలు విడిచిన చుట్టం చోడవరం చెరువుగట్టున పడి ఉంటే, మనం డబ్బిచ్చి రంగు శంఖాలు కొంటున్నాం!

ఎంపిక కష్టమేం కాదు. ఈ చారల నత్తల్లో పెద్దవి, మూడు నాలుగు సెంటీమీటర్ల గుల్లలు, మల్టీలకి సరిపోతాయి. ఓసీ మగది ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది కాబట్టి దానికి వరిమళ్లలో దొరికే గుండ్రటి పెద్ద నత్త, పైలా గ్లోబోసా, మంచిది. దాన్లో కూడా మరీ పెద్దవి వద్దు. నోరు వెడల్పైతే చేపకి ఆ ఇంట్లో భద్రత ఉండదు. నా కొలత బొటనవేలు. వేలు కొన వదులుగా దూరి, లోపల మెలిక తగిలితే ఆ గుల్ల పనికొస్తుంది. అంచు విరిగి కత్తిలా ఉన్నవి, పక్కన చిల్లు పడ్డవి, సూదిలా సన్నబడేవి పారెయ్యండి. చేపకి ఒక్క గుల్ల చొప్పున వేసి ఊరుకోవద్దు, రెండు మూడు ఉండాలి. అడుగున ఐదు సెంటీమీటర్ల సన్నటి ఇసుక పొయ్యండి. గుల్లని తమకి నచ్చినట్టు పాతుకునే పని వాటికే వదిలెయ్యాలి. తెల్లారి చూస్తే మీరు సర్దిన తీరు ఒక్కటీ మిగలదు.

ఏరేటప్పుడు ఒక్క జాగ్రత్త. వేసవిలో చెరువు ఎండితే పైలా నత్త బురదలోకి దిగి మూత బిగించుకుని పడుకుంటుంది. మూత ఉన్నదంటే చచ్చింది కాదు, నిద్రలో ఉంది. దాన్ని ముట్టొద్దు. నత్తగుల్ల కొంగ మాంసం లాగేసి వదిలిన గుల్లలు గట్టువార దొరుకుతాయి. నత్తలు వండుకునే ఇళ్ల పెరళ్లలోనూ దొరుకుతాయి. ఆటోనగర్ కాలువల పక్కా, ఫ్యాక్టరీల నీళ్లు కలిసే గెడ్డల పక్కా ఏరొద్దు. తెచ్చినవాటిని పావుగంట ఉడికించి, వారం రోజులు బకెట్లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. ముక్కు దగ్గర పెడితే వాసన రాకూడదు. లోపలి మెలికలో మిగిలిన మాంసం కుళ్లిందంటే తొట్టె అంతా పాడవుతుంది.

నీళ్ల గురించి ఒక్క ముక్క. గిన్నెలకి తెల్లచార కట్టే బోరునీళ్లని మనమంతా తిట్టుకుంటాం. ఈ చేపలకి అలాంటి నీళ్లే హాయి, పీహెచ్ 8 నుంచి 9 మధ్య. నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్న బోరు మాత్రం వద్దు.

సముద్రపు గుల్ల వేస్తే చేప చచ్చిపోతుందని నేననను. టర్బో అనే సముద్రపు గుల్లల్ని శుభ్రంగా ఉడికించి వాడేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. నా అభ్యంతరం ఒడ్డు తరఫున. అప్పికొండ ఇసుకలో మనకి ఖాళీగా కనిపించే గుల్లకి అక్కడ ఎదురుచూసేవాడున్నాడు. పుస్తకాలు వాణ్ణి సన్యాసి పీత అంటాయి. పేరుకే సన్యాసి, ఇల్లు లేకపోతే ఒక్క రోజు గడవదు. పీత పెరిగినకొద్దీ పెద్ద గుల్ల వెతుక్కోవాలి, దాని వెనకభాగం అంత మెత్తన. గుల్లలు చాలక సీసా మూతల్లో దూరిన పీతల్ని చాలా తీరాల్లో చూశారు. 2021లో థాయ్‌లాండ్‌లోని ము కో లాంటా జాతీయ ఉద్యానం పీతల కోసం గుల్లలు పంపమని జనాన్ని అడగవలసి వచ్చింది. ఒక పిల్ల గుప్పెడు గవ్వలు ఏరుకుంటే సముద్రానికి లోటు రాదు. గోనెసంచులతో ఏరితే వస్తుంది. పైగా దుకాణానికి నిగనిగలాడుతూ వచ్చే గుల్లల్లో చాలావాటిని ప్రాణమున్న నత్తని చంపే తీస్తారు.

చట్టం కూడా ఉంది. నాటిలస్, ట్రైటాన్ శంఖం, కొమ్ముల హెల్మెట్ శంఖం, ట్రిడాక్నా అనే పెద్ద ఆల్చిప్ప లాంటివి 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. తొట్టెలో అలంకారానికి కూడా వాటిని కొనడం, అమ్మడం నేరం.

దుకాణదారులూ, మీకు నష్టం రాదు. ఉడికించి శుభ్రం చేసిన నత్తగుల్లల్ని డజన్ల లెక్కన, నోటి కొలత చెప్పి అమ్మండి. ఏరి తెచ్చిన ఊరివాళ్లకి ధర కట్టి ఇవ్వండి. గుల్ల చేప అమ్మినప్పుడు గుల్లలెన్ని కావాలో నోటితో చెప్పండి. రంగు గుల్లల దండలు దించెయ్యండి. బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని ఆక్వేరియంలో ఒక్క తొట్టె చెరువు గుల్లలతో పెట్టి, పక్కన తెలుగులో నాలుగు ముక్కలు రాస్తే బడిపిల్లలకి నేనింత చెప్పనక్కర్లేదు. అన్నట్టు, అలంకారానికని అమ్మే విదేశీ ఆపిల్ నత్తల్ని చెరువుల్లో వదలొద్దు. 1980 ప్రాంతంలో తిండి కోసమని తైవాన్‌కీ ఫిలిప్పీన్స్‌కీ తెచ్చినవి వరిచేలని మేసేశాయి.

రంగు గుల్లలు ఇప్పటికే తొట్టెలో ఉన్నవారు ఈ రాత్రే వాటిని లాగేసుకోవద్దు. లోపల గుడ్లుండొచ్చు. ముందు కొత్త నత్తగుల్లల్ని వాటి పక్కనే ఇసుకలో సగం పాతి పెట్టండి, దీపం ఆపెయ్యండి. చేప కొత్తదాని నోటి దగ్గర ఇసుక తవ్వుతున్నదంటే ఒప్పుకున్నట్టే. అది అటు మారాక, ఖాళీ అయిన పాతదాన్ని తియ్యండి.

— గాజువాకలో గుల్ల చేపలు పెంచే ఒకడు