స్థలానికి సడలింపు.. పెరటింటికి చిక్కులు

75 గజాల నిబంధనతో కొత్త పట్టణాల్లోని పాత కుటుంబాలకు అందని ఊరట

యాదాద్రి భువనగిరి: చిన్న ఇంటికి మున్సిపాలిటీ అనుమతి అక్కర్లేదన్న మాట వినబడటం మొదలై ఆరేళ్లు దాటింది. 2019 జులైలో శాసనసభ ఆమోదించిన తెలంగాణ పురపాలక చట్టం, మరుసటి ఏడాది వచ్చిన టీఎస్‌ బీపాస్‌ చట్టం ఈ వెసులుబాటు కల్పించాయి. 75 చదరపు గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు గానీ, దానిపై మరొకటి గానీ వేసుకునే వారు రూపాయి చెల్లించి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. ప్లాను మంజూరు కోసం కార్యాలయం చుట్టూ తిరగవలసిన పని లేదు. 2025లో బీపాస్‌ స్థానంలో బిల్డ్‌ నౌ అనే కొత్త ఆన్‌లైన్‌ వేదిక వచ్చింది. వేదిక మారినా చట్టంలోని కొలత మాత్రం అదే.

ఆ కొలత దగ్గరే చిక్కు ఉంది. జిల్లాలోని పట్టణాల పాత వాడల్లో కుటుంబాలు కోరుకుంటున్నది కొత్త స్థలంలో కొత్త ఇల్లు కాదు. ఉన్న ఇంటి వెనుక, పెరట్లో రెండు గదుల చిన్న ఇల్లు. పెళ్లయిన కొడుకు కోసమో, మెట్లెక్కలేని తల్లిదండ్రుల కోసమో, నెలకు నాలుగు రూకలు అద్దె వస్తుందనో కట్టుకునే ఇల్లు అది. చట్టం ఇచ్చిన సడలింపు ఇలాంటి ఇంటిని చూడటం లేదు. అది ఇంటిని కొలవదు, స్థలాన్ని కొలుస్తుంది.

పేరుకు పట్టణం.. తీరు పల్లెది

జిల్లాలో భువనగిరి ఒక్కటే పాత పురపాలక సంఘం. చౌటుప్పల్‌, ఆలేరు, మోత్కూరు, యాదగిరిగుట్ట, భూదాన్‌ పోచంపల్లి 2018లో గ్రామ పంచాయతీ హోదా నుంచి మున్సిపాలిటీలుగా మారాయి. రాష్ట్రవ్యాప్తంగా ఆ ఏడాది 68 కొత్త మున్సిపాలిటీలు ఏర్పడ్డాయి. బోర్డులు మారాయి, పన్నుల లెక్క మారింది. పాత వాడల్లో ఇళ్ల తీరు మాత్రం మారలేదు. వీధి అంచున పెంకుటిల్లు, వెనుక ఖాళీ దొడ్డి, ఒక మూల పశువుల కొట్టం, మరో మూల వేపచెట్టు. ఒకప్పుడు పశువులకు, గడ్డివాముకు వదిలిన జాగా అది. పశువులు పోయాక ఆ జాగా మీదే ఇప్పుడు కుటుంబాల చూపు పడింది.

పోచంపల్లిలో ఈ అవసరం మరింత స్పష్టం. చేనేత కుటుంబానికి ఇల్లే కార్ఖానా. గుంత మగ్గం ఒక గదిని పూర్తిగా తీసుకుంటుంది. ఆసు పోయడానికి, నూలుకు రంగులద్దడానికి, ఆరబెట్టడానికి మిగిలిన చోటు సరిపోదు. కొడుక్కి పెళ్లి అయితే మగ్గమైనా బయటికి రావాలి, కొత్త దంపతులైనా బయటికి వెళ్లాలి. చౌటుప్పల్‌లో పరిస్థితి వేరు. జాతీయ రహదారి వెంబడి ఉన్న పరిశ్రమల్లో పనిచేసే వారికి అద్దె గదులు కావాలి. యాదగిరిగుట్టలో 2022 మార్చి 28న ఆలయం పునఃప్రారంభమయ్యాక భక్తుల రాకతో పాటు వారి మీద ఆధారపడి బతికే వారి సంఖ్యా పెరిగింది. వీరంతా అపార్ట్‌మెంట్లలో అద్దెకు దిగగలిగిన వారు కారు. ఎవరిదో ఒకరి పెరటి గదిలోనే సర్దుకోవాలి.

వెయ్యి అడుగులకు రూపాయి.. 450 అడుగులకు దస్త్రం

నిబంధన ఎలా పనిచేస్తుందో రెండు ఇళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒకరికి 70 గజాల స్థలం ఉందనుకుందాం. అంటే 630 చదరపు అడుగులు. ముందు అయిదు అడుగులు వదిలి రెండు అంతస్తులు వేసినా కట్టడం సుమారు వెయ్యి చదరపు అడుగులు వస్తుంది. దీనికి రూపాయి నమోదుతో సరి.

పక్కింటివారిది 220 గజాల పాత జాగా. ముందు తాతల నాటి పెంకుటిల్లు. వెనుక 450 చదరపు అడుగుల్లో రెండు గదులు, ఒక వంటగది వేయాలనుకున్నారు. ఒక్కటే అంతస్తు. అవతలి ఇంట్లో సగం కూడా లేదు. అయినా స్థలం 75 గజాలు దాటింది కాబట్టి రూపాయి నమోదు వీరికి వర్తించదు. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు ఉన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి ఇచ్చే దారి ఉన్న మాట నిజమే. 21 రోజుల గడువుండే పెద్ద భవనాల పద్ధతితో పోలిస్తే ఇది సులువే. కానీ ఈ దారిలో లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు గీసిన ప్లాను కావాలి, యాజమాన్య పత్రాలు కావాలి, రుసుములు కట్టాలి. రూపాయి రుసుము ప్రచారానికి బాగుంది గానీ, ప్లాను గీసిన వారెవరూ రూపాయి తీసుకుని ఊరుకోరు.

అసలు అడ్డంకి ఖర్చు కూడా కాదు. 2012లో జీవో 168 ద్వారా వచ్చిన భవన నిర్మాణ నియమాల ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో ముందు కనీసం మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున ఖాళీ వదలాలి. 220 గజాలంటే 184 చదరపు మీటర్లు. పెరట్లో కట్టే కొత్త గదుల చుట్టూ మీటరు వదలడం కష్టమేమీ కాదు. కానీ ప్లానులో పాత పెంకుటిల్లునూ చూపాలి. అది వీధి అంచునే ఉంది, పక్క గోడ పొరుగింటి గోడకు ఆనుకునే ఉంది. దాన్ని కట్టిన నాటికి ఈ నియమాలు లేవు, ఆ ఊరు పట్టణమూ కాదు. నియమాలన్నీ పాటించామని సంతకం చేయాలంటే తాత కట్టిన గోడ గురించి మనవడు అబద్ధమాడాలి. తప్పుడు ధ్రువీకరణ ఇస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారం చట్టంలో ఉంది. కాస్త భయభక్తులున్న వారెవరూ ఆ సంతకానికి సాహసించరు.

స్థలాన్ని కొలతగా పెట్టుకోవడంలో ప్రభుత్వానికి ఓ న్యాయం లేకపోలేదు. హైదరాబాద్‌ వంటి చోట 60, 70 గజాల జాగా ఉన్నవాడు పేదవాడే. దస్తావేజులో ఉన్న గజాలను సరిచూడటం సులువు, కట్టిన అడుగులను కొలవడం కష్టం. అయితే కొత్త మున్సిపాలిటీల్లో ఈ లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ 200 గజాల దొడ్డి ఉన్నవాడు కలిగినవాడు కానక్కర్లేదు. ఉన్నదల్లా ఆ దొడ్డే అయిన వారు చాలామంది.

రేకుల గదే దిక్కు

అనుమతి దొరకనప్పుడు జనం ఆగిపోవడం లేదు. స్లాబు వేస్తే అందరి కళ్లలో పడుతుందని ఇటుక గోడల మీద సిమెంటు రేకులు వేసుకుంటున్నారు. అడిగితే సామాను కొట్టం అంటారు. ఆ కొట్టంలోనే ముసలివారో, అద్దెకున్న కూలీ కుటుంబమో వేసవి గడపాలి. ఏప్రిల్‌, మే నెలల్లో మధ్యాహ్నం పూట ఆ రేకుల కింద కూర్చోవడమే కష్టం. పునాది లోతు ఎంతో, మరుగుదొడ్డి గుంతకు, తాగునీటి బోరుకు మధ్య దూరమెంతో చూసే వారుండరు. నిబంధన ఉన్నది భద్రత కోసమే అయితే, అది తోసిన చోట భద్రతే కరవైంది.

వేరే ఇంటి నంబరు లేని గదికి వేరే కరెంటు మీటరు పొందడం కష్టం. ముందింటి మీటరు నుంచే తీగ లాగుతారు. 2024 మార్చిలో అమల్లోకి వచ్చిన గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబానికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు ఉండదు. రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే వేసవిలో 200 దాటడానికి ఎంతో సేపు పట్టదు. దాటితే మొత్తం బిల్లు కట్టాలి. విడిగా ఉంటే రెండిళ్లకూ సున్నా బిల్లు వచ్చే చోట కలిసి ఉన్నందుకు ఇద్దరూ నష్టపోతున్నారు. ఆ బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర అన్నదమ్ముల మధ్య, అత్తాకోడళ్ల మధ్య వచ్చే మాటలు వేరే సంగతి.

బ్యాంకు రుణం సంగతీ అంతే. మంజూరైన ప్లాను చూపనిదే గృహ రుణం దొరకదు. అప్పు వడ్డీ వ్యాపారి దగ్గర తేవాలి, లేదా బంగారం కుదువ పెట్టాలి. సొంత స్థలం ఉన్న పేదలకు ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ప్రభుత్వం రూ.5 లక్షలు ఇస్తోంది. కనీసం 400 చదరపు అడుగుల్లో ఇల్లు కట్టాలి. పెరటింటికి సరిగ్గా సరిపోయే కొలత ఇది. వేరుపడిన కొడుకు దీనికి అర్హుడే కావచ్చు. జాగా మాత్రం తండ్రి పేరున, ఒక్కోసారి చనిపోయిన తాత పేరున ఉంటుంది.

కాగితం లేని జాగా

ఇక్కడే మరో ముడి. పాత ఊళ్లలో ఇళ్లున్నది గ్రామకంఠం భూముల్లో. వాటికి పట్టా పాసుపుస్తకం ఉండదు. చాలా ఇళ్లకు రిజిస్టరు దస్తావేజూ లేదు. పంచాయతీ నాటి ఇంటి నంబరు, పన్ను రసీదు, పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న తెల్లకాగితం ఇవే ఆధారాలు. అన్నదమ్ముల పంపకాలు నోటిమాటగా జరిగినవే ఎక్కువ. గ్రామాల ఆబాదీ స్థలాలను డ్రోన్లతో కొలిచి హక్కు పత్రాలిచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020లో ప్రారంభించింది. కానీ అది గ్రామాలకు ఉద్దేశించినది, ఈ ఊళ్లు అప్పటికే పట్టణాలయ్యాయి. పట్టణ స్థలాల సర్వే కోసం 2025 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన నక్షా కార్యక్రమం తొలి విడతలో దేశమంతటా తీసుకున్నవి 152 పట్టణాలే. అన్ని చిన్న పట్టణాల వంతు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో. ప్లాను అక్కర్లేదని ఎంత సడలించినా జాగా ఎవరిదో తేలనిదే ఆ సడలింపు గడప దాటదు.

ఇంటినే కొలిచిన దేశాలు

పెరటింటి సమస్య మన ఒక్కచోటిదే కాదు. న్యూజిలాండ్‌లో నిరుడు తెచ్చిన చట్టం 2026 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంటి ఆవరణలో 70 చదరపు మీటర్ల లోపు విడి ఇల్లు కట్టుకోవడానికి అక్కడ ఇక నిర్మాణ అనుమతి అక్కర్లేదు. 70 మీటర్లంటే దాదాపు 750 చదరపు అడుగులు. ఒకే అంతస్తు ఉండాలి, సరిహద్దు నుంచి రెండు మీటర్లు వదలాలి, లైసెన్సు ఉన్న నిపుణుల చేతనే కట్టించాలి. మొదలుపెట్టే ముందు, పూర్తయ్యాక స్థానిక మండలికి తెలియజేయాలి. కాలిఫోర్నియాలో అనుమతి తీసుకోవాలి గానీ, దరఖాస్తు పూర్తిగా అందిన 60 రోజుల్లో స్థానిక అధికారులు తేల్చాలి. 800 చదరపు అడుగుల పెరటింటికి పక్కన, వెనుక నాలుగేసి అడుగులు వదిలితే చాలు. అక్కడ స్థిరపడిన తెలుగువారికి ఈ ఇళ్ల సంగతి తెలియనిది కాదు.

రెండు చోట్లా కొలిచింది కట్టబోయే ఇంటినే. ఆ దేశాల్లో ప్రతి జాగాకూ తిరుగులేని కాగితం ఉంది. కట్టినవాడి లైసెన్సుకు విలువ ఉంది. ఆ రెండూ లేని చోట నిబంధనను యథాతథంగా దించుకుంటే నష్టమే. ఒక్క గది అని మొదలుపెట్టి మూడంతస్తుల అద్దె భవనం లేపే వారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. అగ్నిమాపక వాహనం తిరగలేని సందులు, ఇప్పటికే పొంగుతున్న మురుగు కాల్వలు ఉన్న వాడల్లో ఇళ్లు రెట్టింపయితే ఇరుగుపొరుగు పడే బాధ చిన్నదేమీ కాదు. అధికారుల భయంలో అర్థముంది. అయితే ఆ పెద్ద భవనాలు నేటి నియమాల కిందే లేచాయి. ఆగిపోయింది రెండు గదుల వారే.

దారి కొంత సులువైనదే. 75 గజాల పరిమితి చట్టంలో ఉంది కనుక దాన్ని మార్చాలంటే శాసనసభకు వెళ్లాలి. చుట్టూ వదలాల్సిన ఖాళీల లెక్క మాత్రం నియమాల్లోనిది, జీవోతో సవరించవచ్చు. పట్టణంగా మారకముందు కట్టిన ఇంటిని ఉన్నది ఉన్నట్టుగా గుర్తించి, వెనుక కట్టే ఒకే అంతస్తు ఇంటికి మాత్రమే మీటరు ఖాళీ, మరుగుదొడ్డి గుంత దూరం, మురుగు దారి చూస్తామంటే తాత గోడ సమస్య తీరుతుంది. పంచాయతీ నాటి పన్ను రసీదులు, ఇరుగుపొరుగు సరిహద్దు అంగీకారం ఆధారంగా నిర్మాణానికి మాత్రం అనుమతిచ్చి, యాజమాన్య హక్కును సర్వేకు వదలడం మరో మార్గం. అనుమతి పత్రం హక్కు పత్రం కాదని అందులోనే రాస్తే వివాదాలకు తావు తగ్గుతుంది. ఇవేవీ పట్టణ కౌన్సిల్‌ తీర్మానంతో అయ్యేవి కావు. పురపాలక శాఖ ఉత్తర్వు కావాలి.

జిల్లా ప్రతినిధులు శాసనసభలో అడగవలసిన ప్రశ్న ఒకటుంది. చట్టం వచ్చిన నాటి నుంచి 2018 నాటి కొత్త మున్సిపాలిటీల్లో రూపాయి నమోదు కింద ఎన్ని ఇళ్లు నమోదయ్యాయి, వాటిలో పాత గ్రామకంఠంలోనివి ఎన్ని? ఆ లెక్క ఆన్‌లైన్‌ వేదికలోనే ఉండాలి, తీయడానికి పెద్ద శ్రమ అక్కర్లేదు.